నామక్కల్ గాలి

నామక్కల్ అనగానే ఎవరికి తోచింది వారు చెబుతారు. భక్తులు ఆంజనేయస్వామి అంటారు. పద్దెనిమిది అడుగుల స్వామి, పైన కప్పు లేకుండా ఎండకూ వానకూ నిలబడి, ఎదుటి కొండలోని నరసింహస్వామికి చేతులు జోడించి ఉంటాడు. లెక్కల మాస్టార్లు రామానుజన్ గారి ఇలవేల్పు నామగిరి తాయారు ఊరంటారు. లారీ యజమానులు బాడీ కట్టించుకునే ఊరంటారు. మా బ్యాంకు వాళ్లం మాత్రం గుడ్డు అంటాం. 1997 జనవరి 1న సేలం జిల్లా నుంచి విడిపోయి సొంత జిల్లా అయిన ఈ నేల మీద రోజుకు కోట్ల లెక్కన గుడ్లు తేలుతాయి. సాయంత్రం పూట హైవే మీద నిలబడితే కేరళ వైపు పోయే గుడ్ల లారీలు ఒకదాని వెనక ఒకటి కనిపిస్తాయి.

ఈ వ్యాపారానికీ మన తెలుగువారికీ సంబంధం పాతదే. గుడ్డు ధర దళారి కాక రైతే చెప్పాలని 1982లో ఎన్.ఇ.సి.సి. అనే సమన్వయ సంఘం పుట్టింది. దాని వెనక ఉన్న డాక్టర్ బి.వి.రావు గారు మనవారే, పూనాలో వెంకటేశ్వర హేచరీస్ స్థాపించినవారు. మహారాష్ట్రలోని మన పాఠకులకు ఆ పేరు కొత్త కాదు. యానాం వారికి పక్కనే అనపర్తి, బిక్కవోలు ఫారాలు. బరంపురం వారు తినే గుడ్డు చాలావరకు గోదావరి జిల్లాల నుంచి లారీ ఎక్కి వచ్చిందే. కర్ణాటకలో హోస్పేట ఉండనే ఉంది. కాబట్టి నేను నామక్కల్ గురించి రాస్తున్నా, ఇది మీ ఊరికి కూడా దగ్గర సంగతే.

మా అక్కనిచ్చింది నామక్కల్ నుంచి మోహనూరు పోయే దారిలో ఒక పల్లెకు. కావేరి అక్కడికి నాలుగైదు మైళ్లుంటుంది. బావ వాళ్లు ఎన్నో తరాల కిందట వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, కోపం వస్తే రెండూ. ఒకప్పుడు వేరుశనగా జొన్నా పండించిన మెట్ట మీద ఇప్పుడు మూడు షెడ్లున్నాయి. నలభై వేల గుడ్ల కోళ్లు, పక్కన పిల్లల షెడ్డు. ఇక్కడి లెక్కలో ఇది చిన్న ఫారమే. బంధువుల ఖాతాలు నేను ముట్టుకోను, అది నేను పెట్టుకున్న నియమం. అందుకని అక్కడికి ఎప్పుడు వెళ్లినా చుట్టంగానే వెళ్తాను, ఫైలు చంకలో పెట్టుకుని కాదు.

ఈసారి వెళ్లింది ఐప్పసి నెలలో, దీపావళి దాటిన వారానికి. పురట్టాసిలో తమిళనాట సగం మంది మాంసం, గుడ్డు మానేస్తారు గనుక ధర పడిపోతుంది. ఐప్పసి రాగానే మళ్లీ లేస్తుంది. బావ ముఖంలో ఆ కళ కనిపించాలి. కానీ సేలంలో బస్సెక్కినప్పటి నుంచీ ముసురు. రాశిపురం దాటాక కొల్లి కొండలు మబ్బులో మునిగిపోయి ఉన్నాయి. పల్లెలో బస్సు దిగి గొడుగు విప్పుతుండగానే, షెడ్లు ఇంకా కంటపడకముందే, వాసన వచ్చి పలకరించింది. ముక్కులో సూది గుచ్చినట్టు, కళ్లలో ఉల్లిపాయ కోసినట్టు.

"ఏమక్కా, ఈసారి వాసన ఎక్కువగా ఉందే" అన్నాను కాళ్లు కడుక్కుంటూ.

"వాసనా? ఏం వాసన? మాకేమీ తెలీడం లేదే నాయనా. వాన కదా, నీకట్లా ఉండాది" అంది అక్క. అని దగ్గింది. ఆ దగ్గు నాకు నచ్చలేదు.

ఆమె అబద్ధం చెప్పలేదు. అమోనియా అనే ఈ వాయువు సంగతే అంత. కొత్తగా వచ్చినవాడి ముక్కు పట్టేస్తుంది. రోజూ అందులో ఉండేవారి ముక్కు కొన్నాళ్లకు దాన్ని లెక్క చేయడం మానేస్తుంది. అలవాటు పడింది ముక్కు మాత్రమే. శ్వాసనాళం, ఊపిరితిత్తులు అలవాటు పడవు. ఈ మాట నాకు విడమరచి చెప్పింది అక్క కూతురు. నామక్కల్‌లో 1985 నుంచి ఉన్న పశువైద్య కళాశాలలో చదువుతోంది, సెలవులకు ఇంటికి వచ్చి ఉంది. నేను వాణిజ్యశాస్త్రం చదివినవాణ్ణి, నాకు రసాయనం రాదు. అందుకని నాకు అర్థమయ్యే భాషలో చెప్పమన్నాను.

ముందు లెక్క వేశాం. గుడ్లు పెట్టే కోడి రోజుకు సుమారు 110 గ్రాముల మేత తింటుంది, దానికి రెండింతల నీళ్లు తాగుతుంది, ఎండాకాలం ఇంకా ఎక్కువ. రోజుకు నూరు గ్రాములకు తగ్గకుండా రెట్ట వేస్తుంది. నలభై వేల కోళ్లంటే రోజుకు నాలుగు టన్నులు. అందులో నూటికి 75 వంతులు నీరే. అంటే ప్రతి రోజూ మూడు టన్నుల నీరు ఆ షెడ్ల కింద చేరుతోంది. ఎండలు కాస్తే అది ఆరి గట్టిపడి మంచి ఎరువవుతుంది. పసుపు రైతులు, కర్రపెండలం రైతులు వచ్చి లోడు లెక్కన కొనుక్కుపోతారు. ముసురు పట్టిందంటే మాత్రం ఆరదు, అక్కడే ఊరుతుంది.

కోడికి మనలా వేరుగా మూత్రం ఉండదు. ఒంట్లో మిగిలిన నత్రజనిని యూరిక్ ఆమ్లంగా మార్చి రెట్టతోనే వదిలేస్తుంది. రెట్ట మీద కనిపించే తెల్లటి సున్నం లాంటి భాగం అదే. తడీ వెచ్చదనం తోడైతే సూక్ష్మజీవులు దాన్ని విరగ్గొట్టి అమోనియా చేస్తాయి. తడి లేకపోతే వాటి పని సాగదు. "కాబట్టి మామా, వాసన కోడి వల్ల వచ్చేది కాదు. తడి వల్ల వచ్చేది" అంది పిల్ల. కారుతున్న నీటి నిపుల్ ఒకటి చూపించింది. దాని కింద రెట్ట కుప్ప గట్టిగా గోపురంలా నిలవకుండా పేడలా జారిపోయి ఉంది. పురుగు కూడా అక్కడే. ఈగలు అక్కడి నుంచే.

బావ షెడ్లు ఈ ప్రాంతపు తీరులోనే ఉంటాయి. గోడలుండవు, చుట్టూ వల. పొడవు తూర్పు పడమరలుగా, ఎండ లోపల పడకుండా. స్తంభాల మీద ఎత్తులో పంజరాల వరుసలు, మధ్య నడవ, కింద రెట్ట పడే జాగా. వెడల్పు ఎక్కువ పెంచరు, పెంచితే నడుమకు గాలి అందదు. ఇది మంచి ఏర్పాటే. ఆడి మాసంలో సన్నికల్లు కూడా ఎగిరేంత గాలి అని తమిళ సామెత, ఆ నెలల్లో అమోనియా నిలిచే ప్రసక్తే లేదు. చిక్కల్లా గాలి కదలని ముసురు రోజులతోనూ, తెల్లవారుజాములతోనూ.

మేనకోడలి దగ్గర కాగితపు పట్టీలున్నాయి. డిస్టిల్డ్ వాటర్‌లో తడిపి, గాలిలో పావు నిమిషం పట్టుకుంటే రంగు మారుతుంది. ఆ రంగును డబ్బా మీది రంగులతో పోల్చి అంకె చదవాలి. అంకె అంటే పది లక్షల వంతుల గాలిలో అమోనియా ఎన్ని వంతులు అని. నాకు వెంటనే అర్థమైంది. పది లక్షల రూపాయల డిపాజిట్టులో పాతిక రూపాయలు. అంత తక్కువ పద్దును మా బ్రాంచిలో ఎవరూ తల తిప్పి చూడరు. కానీ అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ పనివాళ్లకు సిఫారసు చేసిన హద్దు ఆ పాతికే. కోళ్లకు కూడా పాతిక దాటనివ్వకూడదని వాళ్ల పాఠ్యపుస్తకాల్లో ఉందట.

మధ్యాహ్నం పెద్ద షెడ్డు నడవలో పట్టీ పదికి వచ్చింది. నిపుల్ కారే చోట, కింద కూర్చుని పట్టుకుంటే ఇరవై దాటింది. మర్నాడు తెల్లవారుజామున అయిదింటికి నన్ను లేపి పిల్లల షెడ్డుకు తీసుకెళ్లింది. అక్కడ మూడు వారాల కోడిపిల్లలు. మొదటి వారం వాటికి 95 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడి కావాలి, తర్వాత వారానికి అయిదేసి డిగ్రీలు తగ్గిస్తూ పోవాలి. అందుకని చుట్టూ గోనె పరదాలు దించి, లోపల బొగ్గుల కుంపట్లు పెడతారు. నేల మీద కొబ్బరి పొట్టు పరుస్తారు. పరదా పక్కకు తీసి తల లోపల పెట్టగానే నా కళ్ల వెంట నీళ్లు. పట్టీ యాభై రంగుకు తిరిగింది.

ఆ షెడ్డులోనే మా అక్క రోజుకు నాలుగైదు గంటలుంటుంది. ఇరవై ఏళ్లుగా. పిల్లల్ని పెంచడం ఆడవాళ్ల చేతికే బాగా వస్తుందని ఈ ప్రాంతంలో నమ్మకం. నిజమే, అక్క చేతిలో పిల్లలు చావడం తక్కువ. కుంపటి రాజేసేదీ ఆమే, నీళ్ల గిన్నెలు మార్చేదీ ఆమే. అర్ధరాత్రి లేచి పిల్లలు ఒకచోట గుమిగూడాయా, విడివిడిగా ఉన్నాయా చూసేదీ ఆమే. మూసిన షెడ్డులో బొగ్గు రాజేస్తే కార్బన్ మోనాక్సైడ్ అని ఇంకొకటి పుడుతుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు. తెల్లారేసరికి తలనొప్పిగా ఉంటుందని అక్క ఎన్నాళ్లుగానో చెబుతోంది. నిద్ర చాలకనే అని ఇంట్లో అందరి తీర్పు.

అమోనియా ఒక్కటే అయితే కొంత నయం. దానికి తోడు ధూళి. మేత పొడి, ఈకల నూగు, చర్మపు పొట్టు, ఎండిన రెట్ట, కొబ్బరి పొట్టు, వాటి మీద బాక్టీరియా తునకలు, బూజు బీజాలు. ఎండ కిరణం షెడ్డులోకి వాలినప్పుడు బంగారు పొడి ఎగిరినట్టు ఎంతో అందంగా కనిపించేది ఇదే. మన శ్వాసనాళంలో లోపలి వైపు సన్నని నూగు ఉంటుంది, చీపురులా ఊగుతూ ధూళిని పైకి ఊడుస్తూ ఉంటుంది. కోడికీ అంతే. అమోనియా ఆ చీపురును పడగొడుతుంది. ఆ తర్వాత ధూళి, దాని మీద ఎక్కిన రోగక్రిములు నేరుగా లోపలికి పోతాయి. కొక్కెర తెగులుకు టీకా వేయించినా కోళ్లు గురకలు పెడుతున్నాయని గగ్గోలు పెట్టే రైతులు ముందు షెడ్డులో గాలి చూసుకోవాలని మేనకోడలు అంటుంది. పైగా కోడికి ఊపిరితిత్తులతో పాటు ఒళ్లంతా గాలి సంచులుంటాయి, కొన్ని ఎముకల లోపలి దాకా పోతాయి. పీల్చిన గాలి ఎంత లోతుకు పోతుందో ఊహించుకోండి.

పెంట ఎత్తించే రోజు ఇంకో చిత్రం జరుగుతుంది. ఆ రోజు సాయంత్రానికి పనివాళ్లకు చలి, జ్వరం, ఒళ్లునొప్పులు. తెల్లారేసరికి తగ్గిపోతుంది. "దిష్టి తగిలింది" అని ఎర్రనీళ్లు తిప్పిపోస్తారు. ఒక్కసారిగా ఎక్కువ ధూళి పీల్చినందుకు ఒళ్లు చేసే తిరుగుబాటు అది. ప్రపంచంలో ఎక్కడి కోళ్ల షెడ్డులో అయినా ధాన్యపు కొట్టులో అయినా కనిపించేదే. మాటిమాటికీ జరిగితే మాత్రం ఊపిరితిత్తుల్లో మచ్చ మిగలవచ్చు.

పెద్ద షెడ్డు తూర్పు చివర గోడకు ఆనించి ఒక గది ఉంది. రాయగడ వైపు నుంచి వచ్చిన భార్యాభర్తలు, నాలుగేళ్ల పిల్లవాడు అందులో ఉంటారు. ఒడిశా మనిషికి తమిళం రాదు, బావకు ఒరియా రాదు, మధ్యలో తెలుగు పనికొస్తోంది. వాడుక తెలుగులో ఆ పిల్లవాడు మా అక్కను "అమ్మమ్మా" అని పిలుస్తాడు. ఆ గది కిటికీ ఒకటే, అది షెడ్డులోకే తెరుచుకుంటుంది. రాత్రి కోళ్లకు ఏదైనా అయితే వెంటనే వినపడాలని అలా కట్టారు. ఆ కిటికీ దగ్గర పట్టీ పదికీ ఇరవైకీ మధ్యన ఆగింది. పని గంటల హద్దు పాతిక సరే, పిల్లవాడు అక్కడే పడుకుంటున్నాడు కదా. ఇరవై నాలుగు గంటల లెక్క ఎవరు వేయాలి?

మా వృత్తిలో ఫారం ప్రాజెక్టు రిపోర్టు అంటే నాకు కంఠతా వచ్చు. పిల్ల ఖరీదు, మేత, మందులు, కరెంటు, కూలి, గుడ్డు ధర, ఎరువు మీద రాబడి. అమోనియా తేమతో కలిసి పంజరాల తీగను తినేస్తుంది, తుప్పు పట్టిస్తుంది. అందుకని పంజరాలకు ఏటా తరుగుదల రాస్తాం. తీగను తినే గాలే మనుషులు పీలుస్తున్నారు, వాళ్లకు తరుగుదల రాసే పద్దు ఏ రిపోర్టులోనూ నాకు కనిపించలేదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఇప్పుడు కోళ్ల ఫారాలకు మార్గదర్శకాలు తెచ్చింది, ఊరికీ నీటికీ ఎంత దూరం ఉండాలో అందులో ఉంది. ఈగల మీద ఊరివాళ్లు ఫిర్యాదు చేస్తే అధికారులు వస్తారు. బావ షెడ్డులో లోపలి గాలి కొలవడానికి మాత్రం ఇంతవరకు ఎవరూ రాలేదు. కొలిచింది ఇంటి పిల్లే.

బావ తమ్ముడు పల్లడం దగ్గర బ్రాయిలర్లు పెంచుతాడు. అదో వేరే ప్రపంచం. కంపెనీ పిల్లనూ మేతనూ ఇస్తుంది, షెడ్డూ కష్టమూ మనవి, పెరిగిన కిలోకు ఇంత అని కూలి. అక్కడ కోళ్లన్నీ నేల మీదే, పొట్టులో కాళ్లతో తవ్వుతూ తిరుగుతాయి గనుక పంజరాల కంటే ధూళి ఎక్కువ. కొత్తగా కట్టే మూసిన షెడ్లలో ఒక కొసన తడి పలకలు, ఇంకో కొసన పెద్ద ఫ్యాన్లు. గాలి ఒక వైపు చల్లగా దూరి, దారిలోని వేడినీ వాసననూ ధూళినీ అన్నిటినీ ఏరుకుంటూ ఫ్యాన్ల దగ్గరకు చేరుతుంది. ఆ షెడ్డులో ఉద్యోగం వస్తే పలకల వైపు నిలబడాలి. కరెంటు పోయి జనరేటర్ అందుకోకపోతే ఎండాకాలంలో కోళ్లు చూస్తుండగానే ఉక్కిరిబిక్కిరై రాలిపోతాయి. అంతటి షెడ్డుకు అప్పు కూడా అంతే పెద్దది.

మళ్లీ మోహనూరు దారికి వస్తాను. ఆ రాత్రి భోజనాల దగ్గర పెద్ద వాదనే జరిగింది. బావ నాలుగో షెడ్డు కట్టాలనుకుంటున్నాడు. మేనకోడలు ముందు పిల్లల షెడ్డు సంగతి చూడమంది.

"పరదా తెరిస్తే పిల్లలు చలికి చస్తాయి. నీ పుస్తకంలో అది రాయలేదా?" అన్నాడు బావ.

"తెరవమనలేదు నాయనా. తిరగెయ్యమన్నాను."

ఆమె చెప్పింది ఇది. మనవాళ్లు పరదాను పైన కట్టి, గాలి కావలసినప్పుడు కింద నుంచి చుట్టి పైకెత్తుతారు. చలిగాలి నేరుగా పిల్లల మీదకు కొడుతుంది గనుక భయపడి మళ్లీ దించేస్తారు. పరదాను కింద బిగించి, పై నుంచి కిందికి దించేలా కట్టుకుంటే, పైన ఒక అడుగు సందు రాత్రంతా వదిలేయవచ్చు. అమోనియా గాలి కంటే తేలిక, వెచ్చని గాలితో కలిసి పైకే పోతుంది. పిల్లలు పరదా చాటున వెచ్చగా ఉంటాయి. ఖర్చు నాలుగు తాళ్లు, కొంచెం ఎక్కువ బొగ్గు. ఆ కుంపట్ల బదులు బల్బుల బ్రూడర్ పెట్టుకుంటే తలనొప్పి బాధ కూడా ఉండదు.

రెండో వాదన సున్నం మీద. తడిసిన చోటల్లా సున్నం చల్లించడం బావకు తండ్రి నేర్పిన పద్ధతి. సున్నం తడిని పీలుస్తుంది, నిజమే. కానీ క్షారం గనుక రెట్టలో ఉన్న అమోనియాను ఒక్కసారిగా గాలిలోకి తోలుతుంది. సున్నం చల్లిన రోజే వాసన పెరగడం అక్క కూడా ఎరుగును. "అప్పుడు మాత్రం నాకూ తెలుస్తాది" అంది. సూపర్ ఫాస్ఫేట్ చల్లితే అమోనియాను పట్టి ఉంచుతుంది, ఎరువుకూ బలం. పటిక కూడా అదే పని చేస్తుంది. ఈ మాట బావకు నచ్చింది, ఎరువు ధర పెరుగుతుందన్నందుకు.

ముక్కుకు గుడ్డ కట్టుకుంటే సరిపోదా అని నేనడిగాను. గుడ్డ పెద్ద ధూళిని ఆపుతుందట. ఎన్-95 మాస్కు సన్న ధూళిని కూడా ఆపుతుంది. అమోనియాను రెండూ ఆపవు. ఇది మన పాఠకుల్లో ఫారాలున్నవారు గుర్తుంచుకోవాల్సిన సంగతి, అందుకే ప్రత్యేకంగా రాస్తున్నాను.

రాయగడ దంపతుల గది సంగతి దగ్గర మాత్రం ఎవరూ వాదించలేదు, మాట్లాడలేదు కూడా. అక్క కంచం ముందు నుంచి లేచి చెయ్యి కడుక్కుని వచ్చి, "నాలుగో షెడ్డు తరవాత కట్టుకోండి. ముందు వాళ్లకు బావి పక్కన గది కట్టండి, రెండు కిటికీలు పెట్టండి. రాత్రి కోళ్ల అరుపు వినాలంటే బెల్లు పెట్టుకోండి" అంది. బావ నా వైపు చూశాడు, బ్యాంకువాణ్ణి కదా, ఏమైనా అంటానేమోనని. గది ఖర్చును కూడా షెడ్డు అంచనాలో కలిపి రాసుకుని మీ బ్యాంకుకు వెళ్లండి, అడిగితే కారణం చెప్పండి, అన్నాను.

అక్కను నామక్కల్‌లో ఒక ఛాతీ వైద్యుడికి చూపించాం. కఫం పరీక్ష చేసి క్షయ కాదన్నారు. గొట్టంలోకి ఊదించి చూసి ఊపిరి కొంత తగ్గిందన్నారు. పీల్చే మందు ఇచ్చారు, పిల్లల షెడ్డుకు వెళ్లవద్దన్నారు. మందు వాడుతోంది. వెళ్లవద్దన్నది మాత్రం సగమే వింటోంది. తన చేతిలో తప్ప పిల్లలు బతకవని ఆమె నమ్మకం మరి.

పొంగల్ ముందు ఫోన్ చేస్తే గది గోడలు లేచాయని చెప్పింది. ఫారం రిజిస్టరులో రోజూ రాసే గడులు నాకు తెలుసు: గుడ్లు, పగిలినవి, మేత, చచ్చినవి. మేనకోడలు కాలేజీకి పోతూ పక్కన ఇంకో గడి గీసి, పట్టీల డబ్బా తల్లి చేతిలో పెట్టి వెళ్లిందట. తెల్లవారుజామున అయిదింటికి అక్కే చూసి రాస్తోంది. "ఈ రోజు ఎంతక్కా?" అని అడిగాను. పక్క గదిలోకి వెళ్లి పుస్తకం తెచ్చి, కళ్లజోడు పెట్టుకుని, "పదికీ ఇరవైకీ నడుమ ఉండాది" అని చదివింది.